పిడికెడు పిండి

చదువవలసిన భాగములు: 1 రాజులు 17వ అధ్యాయము, లూకా 4:24–30, యాకోబు 2:14–17.

పాఠ సారము: విశ్వాసము నిండిన గాదెయొద్ద కాదు, అడుగు కనబడుచున్న తొట్టియొద్ద పరీక్షింపబడును. అచ్చట తెరువబడిన చెయ్యియే కనికరము.



ఈ నెల పాఠమునకు మీకందరికిని తెలిసిన కథనే తీసికొనుచున్నాను. సారెపతు విధవరాలి కథను మన సండేస్కూలు పిల్లలు సయితము అప్పగించగలరు. ఏలీయా వచ్చెను, రొట్టె అడిగెను, ఆమె యిచ్చెను, పిండి తరుగలేదు. ఇంతే గదా అని పుస్తకము మూయుదుము. నేనును సెమినరీ విడిచి పరిచర్యకు వచ్చినది మొదలు చాలయేండ్లు ఆలాగే మూసితిని. తరువాత మా సంఘములో జరిగిన యొక సంగతి నన్ను మరల ఆ అధ్యాయమునొద్ద కూర్చుండజేసెను. ఆ సంగతిని ఈ పాఠములో మీతో చెప్పుదును. అందులో నా తప్పుకూడ నున్నది గనుక దానిని దాచక చెప్పుదును.

1. వాన లేని దేశము

ఈ కథ వాన కురియని కాలమున జరిగెను. ఏలీయా అహాబు రాజు నెదుట నిలిచి, దేవుడు సెలవిచ్చువరకు మంచైనను వర్షమైనను ఉండదని చెప్పెను. తరువాత అతడు కెరీతు వాగునొద్ద దాగియుండెను. కాకోలములు అతనికి ఆహారము తెచ్చుచుండెను. కొన్ని దినములకు ఆ వాగుకూడ ఎండిపోయెను. ప్రవక్త దాగియున్నాడని వాగు ఎండక మానలేదు. కరువు భక్తిహీనుని పొలమునొకటి, భక్తుని పొలమునొకటిగా చూడదు. ఇది మొదట గుర్తుంచుకొనవలెను.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో నుండు మనకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి మనయొద్దకు వచ్చునప్పటికి దాని తడి చాలవరకు ఆరిపోవును. ఈశాన్య ఋతుపవనము తన బలమును తూర్పు తీరమునందే చూపి, మనకు మిగిలినది ఇచ్చును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో మన పాత అనంతపురము జిల్లా బ్రదుకుచున్నది. 2022లో మన మూడు పట్టణములును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి; జిల్లా పేరు మారెను గాని మబ్బు దారి మారలేదు. హిందూపురమునొద్ద పెన్నయు, ధర్మవరమునొద్ద చిత్రావతియు ఎన్ని నెలలు ఇసుకయై యుండునో మీరెరుగుదురు. ఆ ఇసుకలో చెలమలు త్రవ్వి నీళ్లు తోడుకొనిన తల్లులు మనలో నింకను ఉన్నారు. వేరుశనగ ఊడ దిగు సమయమున ఒక్క వాన తప్పినయెడల ఏడాది కష్టమంతయు చేనిలోనే ఎండును. 1876–78 నాటి ధాత కరువును మన ముత్తాతలు అనుభవించిరి. 1952లో రాయలసీమలో తెరిచిన గంజి కేంద్రములనుగూర్చి మన పెద్దలు చెప్పగా వింటిమి.

ఈ కాలమున కొన్ని మార్పులు వచ్చినవి. హంద్రీనీవా కాలువ ద్వారా కృష్ణా జలము పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు చేరినది. 2019లో అదే పెనుకొండ దగ్గర ఎర్రమంచియొద్ద కార్ల కర్మాగారములో పని ఆరంభమైనది. దేవునికి స్తోత్రము. అయినను కాలువ అందని చేను, కర్మాగారములో చోటు దొరకని యిల్లు, బెంగుళూరికి వలసపోయి తాళము పడిన తలుపు మన వీధులలో నింకను ఉన్నవి. కాబట్టి ఈ అధ్యాయము మనకు పాతది కాదు.

2. దేవుడు ఎవరి యింటికి పంపెను?

వాగు ఎండినప్పుడు దేవుడు ఏలీయాను ఎచ్చటికి పంపెను? ఇశ్రాయేలులో గాదెలుగల యింటికి పంపలేదు. సీదోను దేశములోని సారెపతునకు పంపెను. సీదోను ఎవరిది? అది యెజెబెలు పుట్టినిల్లు. ప్రవక్తలను చంపించుచున్న రాణి దేశమునకే, బయలును కొలుచు ప్రజల మధ్యకే, ఒక విధవరాలి గుమ్మమునొద్దకే ప్రవక్త పంపబడెను. అతడు ఆమెకు మేలుచేయుటకు ముందు, ఆమెచేత పోషింపబడుటకు వెళ్లెను. దేవుని సేవకుడు అన్యురాలి యెదుట చెయ్యి చాచవలసివచ్చెను.

ఈ సంగతిని మన ప్రభువు నజరేతులో జ్ఞాపకము చేసెను. ఇశ్రాయేలులో అనేకమంది విధవరాండ్రు ఉండగా, వారిలో నెవరియొద్దకును ఏలీయా పంపబడలేదనియు, సారెపతులోని స్త్రీయొద్దకే పంపబడెననియు ఆయన చెప్పగానే, అంతవరకు మెచ్చుకొనుచున్న సమాజమందిరము కోపముతో నిండెను. వారు ఆయనను కొండపైనుండి త్రోసివేయుటకు తీసికొనిపోయిరి. ఆలోచించుడి. వారికి కోపము తెచ్చిన మాట ఏది? దేవుని కనికరము మన గోడ దాటి వెళ్లునను మాటయే. ఆ కోపము నజరేతుతో ఆగిపోలేదు. అది మా సంఘపు పంచాయతులోను, నా హృదయములోను కనబడినదని కొంచెము తరువాత చెప్పుదును.

3. ‘మొదట నాకు’ అనుట న్యాయమా?

ఏలీయా ఊరి గవినియొద్దకు వచ్చునప్పటికి ఆమె పుల్లలు ఏరుచుండెను. మన స్త్రీలు చెరువుగట్టు వెంబడి కంప ఏరుకొనినట్టుగా నుండెనేమో. అతడు మొదట నీళ్లు అడిగెను. కరువులో నీళ్లు అడుగుట చిన్న మనవి కాదు. ఆమె ఏ ప్రశ్నయు వేయక తెచ్చుటకు కదలెను. దీనిని మనము తరచుగా గమనింపము. వాగ్దానమేదియు వినకముందే, ఆ మనుష్యుడు ఎవరని విచారింపకముందే, దప్పిగొనినవానికొరకు ఆమె పాదములు కదలెను. తరువాత అతడు రొట్టెముక్క అడుగగా, ఆమె తన యింటి గుట్టు విప్పి చెప్పెను. తొట్టిలో పిడికెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె; ఈ పుల్లలతో వండుకొని, కుమారుడును నేనును తిని, ఆపైన చావు.

అప్పుడు ప్రవక్త, భయపడవద్దనియు, ముందుగా తనకొక చిన్న రొట్టె చేసి తెమ్మనియు అడిగెను. చదువునప్పుడు మనకు కష్టముగా తోచును. చావబోవు బిడ్డ నోటిదగ్గరి ముద్దను బోధకుడు అడుగవచ్చునా? ఈ వచనమును చూపించి బీదల కానుకలతో తమ సంచులు నింపుకొనువారు ఏ కాలమునందైనను ఉందురు గనుక దీనిని జాగ్రత్తగా చదువుడి. ఏలీయా పెద్ద రొట్టె అడుగలేదు, చిన్నదే అడిగెను. ఇంటిలోనున్నదంతయు తెమ్మనలేదు, ఆమెకును ఆమె కుమారునికిని చేసికొనుమని చెప్పెను. తీసికొని వెళ్లిపోలేదు, వాన వచ్చువరకు అదే తొట్టిమీద ఆధారపడి ఆ యింటిలోనే నుండెను. తొట్టి ఖాళీయైనయెడల అతడును ఆమెతోకూడ ఆకలిగొనవలసినదే. బీదవానిని కానుక అడుగువాడు అతని ఆకలిలో పాలు పంచుకొనుటకు సిద్ధముగా నుండవలెను. లేనియెడల వాడు అడుగుట మానవలెను.

ఇంకొక సంగతి. ఇమ్మని అడుగుటచేత ప్రవక్త ఆమెను అవమానపరచలేదు, గౌరవించెను. అంతవరకు ఆమె చావు లెక్కించుకొనుచున్న స్త్రీ. ఆ దినము మొదలు ఆమె ప్రవక్తను పోషించిన స్త్రీ.

ఈ మాట నాకు నేర్పినది మా సంఘములోని యొక ముసలమ్మ. మన సంఘములలో తల్లులు ఎసరు పెట్టినప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యమో, రాగిపిండియో తీసి వేరే పాత్రలో నుంచి, ఆదివారము మందిరమునకు తెచ్చు వాడుక మీకు తెలిసినదే. పెనుకొండకును ధర్మవరమునకును నడుమనున్న మా ఊరి మందిరములో అట్టి పిడికెడు కుండ యొకటి యున్నది. వాన తప్పిన యొక సంవత్సరము, ఆ ముసలమ్మ కొంగుముడిలోని పిండి చూచి నాకు జాలి కలిగెను. “ఈ ఏడు నీవు తేవద్దులే అవ్వా, దేవునికి నీ సంగతి తెలుసు” అంటిని. ఆమె నా ముఖము చూచి, “తిండి ల్యాకపోతే ఒక పూట పస్తుంటాను గాని, ఇచ్చే చెయ్యి ల్యాకుండా ఎట్ల బతికేది అయ్యగారూ?” అనెను. నేను జాలి యనుకొనినది నిజముగా జాలి కాదు. ఆమెను లెక్కలోనుండి తీసివేయుటయే.

4. నా తప్పు

ఇప్పుడు ఆ సంగతికి వచ్చుచున్నాను. మా ఊరిలో మగ్గాల వీధి యున్నది. ధర్మవరపు పట్టుచీరెలు నేయువారు ఆ వీధిలో కాపురమున్నారు. గుంటమగ్గమునొద్ద మగవాడు కూర్చుండి నేయును. అయితే ఆసు పోయుట, కండెలు చుట్టుట మొదలగు పనులలో ఇంటిల్లిపాదియు కష్టపడవలెను. పట్టు ధర పెరిగినను, మరమగ్గపు చీరె సంతలోనికి వచ్చినను, ఆ భారము చివరకు గుంటలో కూర్చున్నవాని వీపుమీదనే పడును. అట్టివాడొకడు అప్పుల క్రింద నలిగి మరణించెను. ఏలాగు మరణించెనో వ్రాయను. మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. భార్యయు ఇద్దరు బిడ్డలును మిగిలిరి. వారు మన సంఘస్థులు కారు.

నేను ఆ యింటికి వెళ్లితిని. వసారాలో నిలిచి ఓదార్పు మాటలు పలికితిని. ఆమె తలయెత్తి ఒక్క మాట అడిగెను: “మేమేం పాపం జేసినాము సామీ?” నేను చదివినవాడను గదా, జవాబు చెప్పవలెననుకొంటిని. శ్రమలనుగూర్చియు దేవుని చిత్తమునుగూర్చియు చాలసేపు మాటలాడితిని. ప్రార్థన చేసి, సమాధానము కలుగునుగాక అని చెప్పి వచ్చితిని. నాకు నేను కర్తవ్యము నెరవేర్చినట్టే తోచెను.

సాయంకాలము ఆ ముసలమ్మ మా యింటికి వచ్చెను. ఆమెకూడ ఆ యింటికి వెళ్లియుండెను. “అయ్యగారూ, పొయ్యి సూసినారా?” అనెను. “లేదు” అంటిని. “రెండు దినాలుగా మంట ల్యా ఆ పొయ్యిలో. బిడ్డలు నీళ్లు తాగి పండుకున్నారు.”

ప్రియులారా, యాకోబు పత్రిక రెండవ అధ్యాయమును నేను ఎన్ని మారులు బోధించితినో లెక్కలేదు. కట్టుబట్టయు తిండియు లేని సహోదరునితో మంచిమాట చెప్పి, శరీరమునకు కావలసినది ఇయ్యక పంపివేయుటవలన ఏమి ప్రయోజనమని అపొస్తలుడు అడుగుచున్నాడు. ఆ దినమున నేను చేసినది అక్షరాల అదే. మగ్గాల వీధిలో నుండు వారికి ఒక పోలిక చెప్పుదును. పడుగు ఎంత బిగువుగా నున్నను పేక పడనిదే అది చీరె కాదు. నా విశ్వాసము ఆ దినమున బిగించిన పడుగుగానే మిగిలెను.

5. సంఘపు కుండ ఎవరిది?

మరునాడు సంఘపు పెద్దలు కూడిరి. పిడికెడు కుండలోని సగము ఆ యింటికి పంపవలెనని నేను చెప్పితిని. పెద్దలు మంచివారే, అయినను వారికి సందేహములు కలిగెను. మన సంఘములోనే విధవరాండ్రు ఉన్నారుగదా యని యొకరు చెప్పిరి. ఆ మాట నిజమే. నజరేతులోనివారును అదే నిజము చెప్పియుందురు. ఇంకొకరు, “ఇద్దాము, గాని ఆదివారము మందిరమునకు వచ్చునట్లు ఆమెతో చెప్పి ఇద్దాము” అనిరి. నిజము చెప్పవలెనంటే ఆ మాట నాకును బాగుగానే తోచెను. ఒక కుటుంబము చేరిన మంచిది కాదా?

అప్పుడు నేను సెమినరీలో చదివిన యొక చరిత్ర జ్ఞాపకమునకు వచ్చెను. అదే పెద్దలకు చెప్పితిని. ధాత కరువు కాలమున ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొరగారు ఉండిరి. ఆకలిగొనిన జనులకు పని దొరుకునట్లు ఆయన బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని, వేలమందికి కూలి ఇప్పించెను. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము అడుగుచు వచ్చిరి. లెక్క పెంచుకొనవలెనంటే అంతకంటె మంచి సమయము లేదు. ఆయన మాత్రము కరువు సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. కూలికొరకు వచ్చినవారెవరో, క్రీస్తుకొరకు వచ్చినవారెవరో తెలియవలెనని ఆగెను. సహాయపు పనులు ముగిసిన తరువాతనే, ఇక ఇచ్చుటకు చేతిలో ఏమియు లేనప్పుడు, 1878 జూలై 3వ తేదీన వేలంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ లెక్కను మనము గొప్పగా చెప్పుకొందుము. దానికి ముందున్న నిరీక్షణను తక్కువగా చెప్పుకొందుము. నాకైతే ఆ నిరీక్షణయే పెద్ద సాక్ష్యముగా కనబడుచున్నది. ఎరగా వేసిన రొట్టె కనికరము కాదు, వలయగును. ఏలీయా సారెపతు స్త్రీని ముందు బయలును విడువుమని షరతు పెట్టలేదు. మంచి సమరయుడు గాయపడినవానిని నీ వెవరివని అడుగలేదు.

పెద్దలు కొంతసేపు మౌనముగా నుండి ఒప్పుకొనిరి. పగటివేళ మోసికొనిపోయినయెడల వీధి చూచునని, ఆ ముసలమ్మయే దీపములు పెట్టిన తరువాత కొంగుచాటున తీసికొనిపోవుచుండెను. ఇయ్యవలసిన తీరు ఆమె యెచ్చటను చదువలేదు. అయినను ఆమెకు తెలిసియుండెను.

6. తరుగలేదు, నిండనులేదు

మీరడుగవచ్చును: అయ్యగారూ, మీ కుండ సారెపతు తొట్టివలె తరుగకుండెనా? లేని అద్భుతమును నేను వ్రాయను. రెండు ఆదివారములు కుండ అడుగు కనబడెను. ఒకసారి మా యింటిలోనే మరునాటికి పిండి లేదు. నా భార్య నన్ను ఏమియు అనలేదు గాని, ఖాళీ డబ్బాను నా కంటికి కనబడునట్లు బోర్లించి పెట్టెను. ఆ రాత్రి నేను మరల ఈ అధ్యాయము తీసితిని. అంతవరకు చూడని యొక సంగతి అప్పుడు కంటికి తగిలెను.

తొట్టి నిండెనని అచ్చట వ్రాయబడలేదు. పొర్లెననియు వ్రాయబడలేదు. పిండి అయిపోలేదనియు నూనె తక్కువ కాలేదనియు మాత్రమే యున్నది. దాని భావమేమి? ఆమె ప్రతి ఉదయమును తొట్టిలో చెయ్యిపెట్టినప్పుడు చేతికి తగిలినది ఎప్పుడును కొంచెమే. నేటికి చాలినంతే, రేపటిది కనబడదు. అద్భుతము జరుగుచున్నను ఆమె ప్రతిదినము విశ్వసించవలసియుండెను. ప్రతిదినము ముగ్గురికి వడ్డించవలసియుండెను. మనమైతే తొట్టి నిండిన తరువాత ఇచ్చెదమని కాచుకొందుము. పంట వచ్చిన తరువాత, అప్పు తీరిన తరువాత, బిడ్డ పెండ్లి అయిన తరువాత అందుము. దేవుడు ఆమె తొట్టిని ఎన్నడును నింపకపోవుటచేతనే మన సాకును కొట్టివేసెను.

మా కుండ అడుగు కనబడిన మరుసటి ఆదివారము, బెంగుళూరికి కూలికి పోయి తిరిగివచ్చిన యొక కుటుంబము అర బస్తా బియ్యము తెచ్చి మందిరములో దించెను. కొలది వారములకు అదియు అయిపోయెను. మరల ఎవరో పిడికెడు వేసిరి. ఆలాగే ఉగాదివరకు గడిచెను. అద్భుతమనుటకు నాకు ధైర్యము చాలదు. కాదనుటకును నోరు రాదు.

7. మేడగదిలోని మౌనము

కథ ఇంతటితో ముగిసినయెడల మనకు సుఖముగా నుండును. అయితే అదే యింటిలో, ఇచ్చిన ఆ యింటిలోనే, బిడ్డ రోగియై ప్రాణము విడిచెను. కనికరము చూపినవారి యింటికి మరణము రాదని ఈ అధ్యాయము చెప్పుటలేదు. ఆ తల్లి ఏలీయామీద విరుచుకుపడెను. నా పాపమును జ్ఞాపకము చేయుటకును నా బిడ్డను చంపుటకును వచ్చితివా యని ఆమె అడిగెను. మగ్గాల వీధిలో ఆ స్త్రీ నన్నడిగిన ప్రశ్నయు ఇదే.

ఏలీయా ఏమి చేసెను? జవాబు చెప్పెనా? ఆమె పాపములను లెక్కించెనా? ఓర్చుకొనుమని బోధించెనా? ఏదియు లేదు. నీ బిడ్డను నాకిమ్మని అడిగెను. ఆమె ఒడిలోనుండి పిల్లవానిని తీసికొని, మేడగదికి మోసికొనిపోయి, తన మంచముమీదనే పండుకొనబెట్టెను. తలుపు వెనుక, దేవుని యెదుట, ఆమె ప్రశ్నను తన ప్రశ్నగా చేసికొని మొఱ్ఱపెట్టెను. నాకు ఆశ్రయమిచ్చిన విధవరాలికి ఈ కీడు చేసితివా యని దేవునినే అడిగెను. మనుష్యులకు వివరణ చెప్పుటకంటె దేవునితో వాదించుట అతనికి మేలని తోచెను. తరువాత ఆ చల్లబడిన దేహముమీద మూడుమారులు పారచాచుకొని ప్రార్థించెను. ప్రభువు అతని మొఱ్ఱ వినెను. బిడ్డ బ్రదికెను.

మృతులను లేపు వరము మనకు లేకపోవచ్చును. అయినను ఆ మేడమెట్లు ఎక్కుటకు మనకు కాళ్లున్నవి. దుఃఖించువాని భారమును మన చేతులలోనికి తీసికొని, అతనిని మన మంచముమీద పండుకొనబెట్టి, అతని ప్రశ్నను మన ప్రార్థనగా చేసికొనవచ్చును. ఆ దినమున నేను వసారాలో నిలిచి జవాబు చెప్పితిని. నేను చేయవలసినది లోపలికి వెళ్లి పొయ్యి చూచుటయే. ప్రత్యేకముగా, అప్పువలనను నిరాశవలనను ప్రాణము విడిచినవాని యింటియొద్ద మన నోరు మూసికొనవలెను. తీర్పు దేవునిది, గంజి మనది. ఇంకను బ్రదికియుండి, అప్పుభారముతో తల వంచుకొని తిరుగువాడు మన వీధిలో నున్నయెడల, వాడు పోయిన తరువాత కాదు, నేడే వాని గుమ్మము తట్టవలెను. ఒంటరిగా విడువక వానితో కూర్చుండవలెను, అవసరమైనచో వైద్యునియొద్దకును, అప్పు సంగతి తెలిసిన పెద్దమనుష్యులయొద్దకును వానిని వెంటబెట్టుకొని పోవలెను.

8. చివరి మాట

ఉగాది తరువాత ఆ యింటి పెద్దకుమారుడు మేనమామ దగ్గర పని నేర్చుకొని తండ్రి మగ్గమునొద్ద కూర్చుండెను. తల్లి ఇతరుల మగ్గములకు కండెలు చుట్టుచుండెను. ఇక పిండి వద్దని ఆమెయే చెప్పి పంపెను. కొన్ని నెలలకు నాకు జ్వరము వచ్చి మంచము పట్టితిని; నా భార్యయు జ్వరముతోనే యుండెను. ఒక సాయంకాలము దీపములు పెట్టిన తరువాత, ఆమె కొంగుచాటున గిన్నె పెట్టుకొని మా గుమ్మములోనికి వచ్చెను. అందులో వేడి రాగిసంగటి ముద్దలును, ఊరిబిండియు ఉండెను. ఆమె వసారాలో నిలువలేదు. తిన్నగా లోపలికి వెళ్లి, మా పొయ్యి చూచి, మంట చేసి, నీళ్లు కాచి పెట్టి వెళ్లెను.

ఆ రాత్రి నేను ఆ సంగటి తినుచు ఏలీయాను జ్ఞాపకము చేసికొంటిని. ఆమె నేటికిని మన సంఘసభ్యురాలు కాదు. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గులేదు. దేవుడు ఆమెను మాయొద్దకు పంపెనో, మమ్మును ఆమెయొద్దకు పంపెనో నేను చెప్పలేను. ఇద్దరి పొయ్యియు వెలిగెనని మాత్రము చెప్పగలను.

ఈ నెలలో చేయవలసినవి

ఒకటి: పిడికెడు కుండ వాడుక మానిన యిండ్లవారు దానిని మరల ఆరంభింపుడి. మీ బిడ్డలచేత ఆ పిడికెడు వేయించుడి.

రెండు: ప్రతి సంఘమును తన కుండలో కొంత భాగమును సంఘము వెలుపలనున్న యొక యింటికొరకు ప్రత్యేకింపవలెను. షరతులేదియు పెట్టకుడి. బయట చెప్పుకొనకుడి.

మూడు: దుఃఖపు ఇంటికి వెళ్లునప్పుడు మాటలు తగ్గించి, ముందు పొయ్యి చూడుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. వాగ్దానము వినకముందే ఆ విధవరాలు నీళ్లు తెచ్చుటకు వెళ్లుటలో మనము నేర్చుకొనవలసినది ఏమి?

2. నజరేతువారికి కోపము కలిగించిన సంగతి మన సంఘములో చెప్పినయెడల ఎవరికి కోపము వచ్చును? నాకు వచ్చునా?

3. తొట్టి నిండకపోవుటకును తరుగకపోవుటకును భేదమేమి? నా యింటిలో దీని సాక్ష్యము ఏది?

4. ఇయ్యలేనంత బీదవారని నేను లెక్కలోనుండి తీసివేసినవారు ఎవరు?

ప్రార్థన

కనికరముగల తండ్రీ, మా తొట్టి అడుగు మాకు కనబడునప్పుడు భయపడకుండునట్లు మాకు సహాయము చేయుము. మా గోడ అవతలనున్న ఆకలిని మా కంటికి చూపుము. జవాబులు చెప్పుటకు త్వరపడు మా నోటిని ఆపి, మోయుటకు వెనుదీయు మా చేతులను చాపుము. ఇయ్యవలసివచ్చినప్పుడు సంతోషమును, తీసికొనవలసివచ్చినప్పుడు వినయమును మాకు దయచేయుము. వాన వచ్చువరకు మమ్మును ఒకరి పొయ్యియొద్ద ఒకరిని నిలిపియుంచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.